మస్కట్ నుంచి ఫోను

రాధాబాయికి ఈ వయసులో ఎవడో తగిలాడని పక్కింటి విమలమ్మ అన్నదట. విమలమ్మ నోటి సంగతి తెలిసిన భీమవ్వ మొదట కొట్టిపారేసిందట. విమలమ్మ ఊరుకోలేదట. కళ్లారా చూశానని, గోడకవతల పిడకల కుప్ప చాటున కూర్చుని రాధాబాయి సెల్ ఫోన్ చెవికి అదుముకుని గుసగుసలాడుతున్నదని, మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందని, ఇన్నేండ్లు నవ్వని మనిషి ఇప్పుడు ఊరికే నవ్వుతుందా అని అడిగిందట.

"నేనైతే నమ్మలేదే నర్మదా," అన్నది భీమవ్వ, నల్లా కింద బిందె సర్దుతూ. "నీ చెవిన ఏస్తే మంచిదని చెప్తున్న. గల్లీల నోళ్లు మంచియి కావు."

"నమ్మనిదానివి గింత పొద్దుగాల ఎందుకు మోసుకొచ్చినవ్ పెద్దవ్వా?"

"మోసుకొచ్చుడేందే. నేను నీళ్లకొచ్చిన," అని భీమవ్వ నిండీ నిండని బిందెనే చంకనెత్తుకుని పోయింది.

నర్మద ఇంటికొచ్చేసరికి తల్లి రాధాబాయి వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. రాత్రి తడిపి గుడ్డలో మూట కట్టిన తునికాకు ఒక పక్క, తంబాకు డబ్బా ఒక పక్క. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ, కళ్లు నేల మీద పెట్టుకున్న సెల్ ఫోన్ మీద ఉన్నాయి. తలంటుకుని జుట్టు నున్నగా దువ్వి ముడి వేసింది. నుదుటి బొట్టు నిన్నటికన్నా పెద్దగా ఉన్నట్టు అనిపించింది నర్మదకు. చూడకూడదనుకుంటూనే చూసింది.

"ఎవరి ఫోన్ కోసమే అవ్వా, గట్ల సూస్తున్నవ్?"

"ఎవలిది. నీదే. మధ్యాన్నం తిననీకి ఒస్తవో రావో మిస్డ్ కాల్ ఇస్తవు గద."

"నేనింక ఇంట్లనే ఉన్న గదనే."

రాధాబాయి బీడీకి దారం చుట్టి చాటలో పడేసి ఇంకో ఆకు తీసుకుంది.

ఆ ఇంట్లో మగమనిషి మస్కట్ పోయినప్పుడు నర్మదకు పదేండ్లు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి, పైసలు వచ్చాయి, ఒకసారి ఎవరితోనో దుప్పటి, అత్తరు సీసా వచ్చాయి. తర్వాత కంపెనీ వదిలి పారిపోయాడని కబురొచ్చింది. ఆ తర్వాత కబురు కూడా లేదు. తోటి వాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి ఇండ్లు కట్టుకున్నారు. ఎవరిని అడిగినా మేము చూడలేదన్నారు. ఎనిమిదేండ్లు గడిచాయి. బాపు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "లేడు" అని మాట తుంచేయడం నర్మదకు అలవాటైంది. రాధాబాయి మాత్రం మెడలో పుస్తెలు, కాలికి మట్టెలు అలాగే ఉంచుకుంది. పేరంటాలకు పిలిచేవాళ్లు తగ్గారు. పిలవని ఇంటికి ఆమె పోలేదు.

బోధన్ బస్టాండు ఎదుట లక్ష్మీరాజం దుకాణంలో నర్మద పని. జిరాక్సు, ఎస్టీడీ, రీచార్జి, రెండు పాత కంప్యూటర్లలో ఇంటర్నెట్టు. ఆ పొద్దున ఆమె గల్లా తెరవకముందే కిరాణం చంద్రయ్య వచ్చి కూర్చున్నాడు. పోయినేడు పాస్‌పోర్టు పనికోసం నర్మదే ఆయనకొక ఈమెయిల్ చేసిపెట్టింది. అప్పటినుంచి వారం వారం వచ్చి తన పెట్టెలో ఏమైనా పడిందా అని చూపించుకుంటాడు. ఈసారి పడింది.

"లండన్ల నాకు లాటరీ తగిలిందట గద పిల్లా. మనుమడు సదివి చెప్పిండు."

"నువ్వు టికెట్ కొన్నవా సేటూ?"

"కొనలే."

"కొనంది ఎట్ల తగుల్తది?"

"కంప్యూటరే నా పేరు తీసిందట."

నర్మద తెర అతని వైపు తిప్పింది. "నీ పేరేడున్నది ఇండ్ల? ప్రియమైన మిత్రమా అని ఉన్నది. గిదే కాయిదం ఊరందరికి పంపిండు. ఒక్కడు చిక్కినా చాలు వానికి. మరి ముందుగాల నువ్వే ఖర్చులకు పైసలు కట్టాలన్నడా?"

"అన్నడు."

"ఎవ్వరికి చెప్పొద్దన్నడా? తొందరగా కట్టకుంటే చేజారుతదన్నడా?"

"నువ్వు దీన్ని ముందే సదివినట్టున్నవ్."

"సదవలే సేటూ. దొంగలయి అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. నీ బ్యాంకు నంబర్ అడిగితే ఇయ్యకు, వానికి జవాబే రాయకు."

చంద్రయ్య తెరను తిరిగి నర్మద వైపు తిప్పాడు. "రాత్రి మా ముసల్దానికి వడ్డాణం చేయిస్తనన్న," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు ఇంటికెట్ల పోవాలె?"

లక్ష్మీరాజం పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకుని నర్మద వైపు తిరిగాడు. "అవ్‌నే, మీ అవ్వ ఫోన్ల గంతగనం ఎవలితోని మాట్లాడుతది? నువ్వు బయటి పనికి పోయినప్పుడు సూసి మొన్న రీచార్జి కార్డులు కొన్నది, నిన్న మళ్ల కొన్నది. ఉట్టి మిస్డ్ కాల్ మనిషికి గన్ని కార్డులెందుకు?"

నర్మద ఏదో పని ఉన్నట్టు జిరాక్సు మిషన్ మూత ఎత్తింది. విమలమ్మ మాట మళ్లీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం కాకముందే తలనొప్పి అని చెప్పి ఇంటిదారి పట్టింది.

వాకిట్లో చాట ఒక్కటే ఉంది. ఆకు మీద గుడ్డ కప్పి ఉంది. పెరట్లో పిడకల కుప్ప వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏడు... రెండు... మల్ల రెండు..." రాధాబాయి రూపాయి బిళ్లతో రీచార్జి కార్డు గీకుతూ, గీకిన కాడికి చదువుతున్నది. అవతలివాడు ఏమన్నాడో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నర్మద ఎప్పుడో చిన్నప్పుడు విన్నది.

వెళ్లి చేతిలో ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"ఎవడు వాడు?"

రాధాబాయి కార్డును కొంగులో దాచుకుంది.

"నిన్నే అడుగుతున్న. పొద్దుగాల నల్లా కాడ తల దించుకుని నిలబడ్డ నేను. గల్లీ గల్లీ అనుకుంటున్నరు. ఈ వయసుల నీకు..."

రాధాబాయికి కోపం రాలేదు. కూతురి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసింది.

"మీ బాపు దొరికిండు బిడ్డా," అన్నది.

నర్మద బియ్యం బస్తా మీద కూర్చుంది. విమలమ్మ, దుకాణం, లాటరీ ఏవీ గుర్తులేవు. తనను భుజాన ఎక్కించుకుని చెరుకు బండ్ల వెంట నడిచిన మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు. "బతికున్నడా?" అని అడిగింది. తల్లి తల ఊపింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడ్చారు. నర్మదకు తర్వాతెప్పుడు తలుచుకున్నా ఆ కాసేపే తన బతుకులో అన్నిటికన్నా సంతోషంగా ఉన్న సమయమనిపించేది.

"ఎట్ల తెల్సిందే?"

"ఒక పిల్లగాడు ఫోన్ చేసిండు. ఒదినా బాగున్నవా, గల్ఫ్ నుంచి మాట్లాడుతున్న అన్నడు. మస్కట్ నుంచా తమ్మీ అన్న. మస్కటే ఒదినా అన్నడు. మా ఇంటాయన గిట్ల కలిసిండా అన్న. ఆయన చెప్తెనే చేస్తున్న అన్నడు. కంపెనీ ఇడిసి పోయిండని జైల్ల పెట్టిండ్రా అంటే, ఆ, జైల్లనే ఉన్నడు అన్నడు. ఈ పిల్లగాడు ఆడ వంటకాడ పనిచేస్తడట. కడుపుల మంట ఉంటది ఆయనకు, కారం పెట్టకుండ్రి అన్న. అవ్ ఒదినా, అన్నకు కారం పడదు అన్నడు."

రాధాబాయి మురిసిపోతూ చెప్పుకుపోతున్నది. నర్మద వింటున్నది. ప్రతి మాటా ముందు తల్లి చెప్పింది, వెనక వాడు అవునన్నాడు. నర్మదకు అది పట్టుకోవాలని లేదు. పట్టుకోకుండా ఉండటానికి చాలాసేపు ప్రయత్నించింది.

"నువ్వు బాపుతోని మాట్లాడినవా?"

"జైల్ల ఉన్నోనికి ఫోన్ ఇస్తరానే. ఈ పిల్లగాడే జవాన్ల కండ్లు గప్పి చేస్తడు పాపం. గందుకే కార్డులు."

"మన కార్డులు మస్కట్ల చెల్తయా?"

"చెల్తయట."

నర్మద ఫోన్‌లో నంబర్ చూసింది. "బయటి దేశపు ఫోనైతే ముందర వేరే అంకెలొస్తయి అవ్వా. నేను రోజూ సూస్త. ఇది ఈడిదే."

"గది గూడ చెప్పిండు. కంప్యూటర్ల నుంచి చేస్తె గిట్లనే పడ్తదట." రాధాబాయి గొంతులో కొంచెం విసుగు తొంగిచూసింది. "ఎల్లుండి లోపల జుర్మానా కడితె ఇడుస్తరు. ఓ బ్యాంకు నంబర్ చెప్పిండు, అండ్ల ఎయ్యాలె. రేపు కార్ఖానకు పోయి నా బీడీ కార్డు ఇచ్చేస్త. టేకేదారుకు చెప్పిన, కాయిదం రాయించిండు. నా పీఎఫ్ పైసలు రానీకి దినాలు పడ్తయిగని, గా కాయిదం సూసి ఆయనే ముందుగాల సర్దుతనన్నడు."

ఆ మాటతో నర్మద లేచి నిలబడింది. బీడీ కార్డంటే ఆ గల్లీలో ఆడదానికి భూమి లాంటిది. కార్డుంటే టేకేదారు ఆకూ తంబాకూ ఇస్తాడు, పని ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది, ముసలితనంలో నెలనెలా ఎంతో కొంత పింఛను వస్తుంది. కొత్త కార్డులు ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. ఒకసారి రాసిచ్చేస్తే పోయినట్టే. తల్లి చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ చుట్టిన బీడీలన్నీ ఆ ఒక్క కార్డులో ఉన్నాయి.

"కార్డిస్తే మళ్ల ఇయ్యరే."

"మీ బాపు ఒస్తుంటే నాకు కార్డెందుకే?"

"నాకెందుకు చెప్పలే ఇన్నాళ్లు?"

"ఎవ్వలికి చెప్పొద్దన్నడు. చెప్తె ఆయనకే ముప్పట."

పొద్దున చంద్రయ్యకు తాను చెప్పిన మాటలు ఒక్కొక్కటే తిరిగి నర్మద ముందుకొచ్చి నిలబడ్డాయి. ముందుగాల నువ్వే కట్టాలంటరు. తొందరపెడతరు. ఎవ్వరికి చెప్పొద్దంటరు. చంద్రయ్యకు చెప్పేటప్పుడు ఎంత తేలికగా వచ్చాయో. ఇప్పుడు నోరు తెరిస్తే బాపును తన చేతులతో తానే మళ్లీ పోగొట్టినట్టుంది.

"అవ్వా, వాడు బాపు పేరు ఎన్నడన్న చెప్పిండా?"

"పేరెందుకే. అన్న అంటడు."

"ఒక్కసారన్న?"

రాధాబాయి ఆలోచనలో పడింది. పెనిమిటి పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. రేషన్ దుకాణంలో అడిగితే కూతురి వైపు చూసేది, కూతురు చెప్పేది. ఆ ఇంట్లో నర్మదకు బాపు, రాధాబాయికి ఆయన, అంతే. వాడు అన్న అన్నప్పుడల్లా మర్యాదస్తుడైన మరిది మాట్లాడుతున్నట్టే ఉంది గానీ, ఆ మాటల్లో ఏదో తక్కువైందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఫోన్ మోగింది. పేరు అడగమని కూతురు సైగ చేసింది. ఇద్దరూ తలలు ఆనించి ఫోన్‌ను మధ్యన పెట్టుకున్నారు.

"ఒదినా, కట్టయిందేంది? కార్డు నంబర్ సగమే చెప్పినవ్."

"తమ్మీ, నా బిడ్డ ఒచ్చింది. ఇంటే నమ్ముతలేదు. ఆయన పేరొక్కసారి చెప్పు, పిల్ల ఇంటది."

అవతలివాడు ఒకసారి దగ్గాడు. "పేరెందుకు ఒదినా, అన్నంటే అన్ననే. బిడ్డకెందుకు చెప్పినవ్? ఒద్దన్నం గద. ఈడ తెలిస్తే ఆయన వీపు చిట్లగొడ్తరు."

రాధాబాయి ఫోన్ మీదికి వంగింది. "ఒద్దు తమ్మీ, అడగ. ఇంక అడగ," అన్నది. నర్మద ఫోన్ తీసుకుంది. నోటికి వచ్చినట్టు తిట్టాలని ఉంది. తిట్టలేదు.

"అన్నా, నేను బిడ్డను. మా బాపు రాజారాం పానం మంచిగున్నదా?"

"ఆ చెల్లె, రాజారామన్న నా పక్కనే ఉన్నడు. నిన్నే యాది చేసి ఏడుస్తున్నడు."

వాళ్ల చుట్టాల్లో రాజారాం అనే మనిషి లేడు. నర్మద తల్లి వైపు చూసింది. రాధాబాయి విన్నది. చేయి చాచి ఫోన్ అందుకుంది.

"ఆత్మారాం," అన్నది. పెండ్లయిన నాటినుంచి ఆ నోట ఆ పేరు రావడం అదే మొదలు. "నా పెనిమిటి పేరు ఆత్మారాం."

"అదే ఒదినా, అదే. ఈడ కాయిదంల తప్పు రాసుకున్నరు. ఆత్మారామన్ననే. నీ మీదనే పానం పెట్టుకున్నడు ఒదినా."

తల్లి ఇప్పుడు వాణ్ని దుమ్మెత్తి పోస్తుందనుకుంది నర్మద. రాధాబాయి ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. కళ్లు మూసుకుంది.

"ఇంకేమన్నడు?" అని అడిగింది నెమ్మదిగా.

వాడు చెబుతున్నాడు. ఇల్లెట్లున్నదని అడిగాడట. జొన్నరొట్టె కలలోకొస్తున్నదన్నాడట. రాధాబాయి ఊ కొడుతున్నది, మూసిన కళ్లల్లోంచి నీళ్లు చెంపల మీదికి దిగుతున్నాయి. నర్మద వెంటనే ఆపలేకపోయింది. ఇంక వినలేననిపించినప్పుడు తల్లి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఫోన్ తీసుకుని కట్ చేసింది.

తర్వాత పనులన్నీ నర్మద చకచకా చేసింది. టేకేదారు ఇంటికి పోయి కార్డు కాయిదం వెనక్కి తీసుకుని అతని ముందరే చింపేసింది. లక్ష్మీరాజం వెంట పోలీస్ స్టేషన్‌కు పోయి నంబర్ రాయించింది. అక్కడున్న జమేదారు, పోయిన కార్డులు పోయినట్టే, మిగిలింది మిగిలిందని సంతోషపడుండ్రి అన్నాడు. ఇంకో ఇంట్లో కూడా ఇలాగే జరిగిందని, గల్ఫ్ పోయినోళ్లు లేని ఇల్లు ఈ తాలూకాలో ఎక్కడుందని, ఏ నంబర్ కొట్టినా వానికి ఒక వదినె దొరుకుతుందని అన్నాడు.

పొద్దు వాలేసరికి ఇంటికొచ్చింది. రాధాబాయి మళ్లీ చాట ముందు కూర్చుని ఉంది. కత్తెర ఆడుతున్నది, ఆకు ముక్కలు ఒళ్లో పడుతున్నాయి. నర్మద కాళ్లు కడుక్కుని పక్కన కూర్చుని చుట్టిన బీడీలు కట్టలు కట్టసాగింది. "నేనన్న మాటకు నన్ను రెండు తిట్లు తిట్టరాదే అవ్వా," అన్నది. తల్లి ఎడమచేత్తో ఆమె మోకాలు ఒకసారి తట్టి, మళ్లీ ఆకు తీసుకుంది.

సంగతి అప్పటికే గల్లీలో పాకింది. భీమవ్వ వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె వెనకే విమలమ్మ, చేతిలో సర్వపిండి పెట్టిన తలె పట్టుకుని, రావాలా వద్దా అన్నట్టు వచ్చింది. పొద్దున తానన్న మాట తలె కింద దాచుకున్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చివరికి చాట పక్కన పెట్టింది.

"పోనీ రాధక్కా, కార్డు దక్కింది. పీడ పోయింది," అన్నది.

"పిల్ల తెలివిగల్లది గనక దక్కింది," అన్నది భీమవ్వ.

"నంబర్ మార్చేద్దాం అవ్వా," అన్నది నర్మద. "రేపే కొత్త సిమ్ తెస్త. వానికి ఇంక నువ్వు దొరకవు."

రాధాబాయి తల ఎత్తలేదు. తంబాకు వేసి ఆకు చుట్టింది. చుట్టిన బీడీ ఎందుకో విప్పి మళ్లీ చుట్టింది. విమలమ్మ కూర్చున్నచోటే అటూ ఇటూ కదిలింది. ఏదో ఒకటి అనకపోతే లేచి పోలేననుకుందేమో.

"అయినా గిదేందక్కా. ఇన్నేండ్లయినంక మనిషి యాడొస్తడు? వాడు దొంగోడని నీకు ఒక్కసారన్న అనుమానం రాలేదా?"

రాధాబాయి చేతులు ఆగాయి. మొదట విమలమ్మను, తర్వాత భీమవ్వను, ఆ తర్వాత కూతురిని చూసింది.

"ఒచ్చింది. వాడు దొంగోడే. మరి ఆయన బతికున్నడని, ఈ ఎనిమిదేండ్లల్ల మీలో ఒక్కలన్న నాతోని అన్నరా?"

విమలమ్మ భీమవ్వ వైపు చూసింది. భీమవ్వ నర్మద వైపు చూసింది.